ఒక పాట, రెండు శ్రుతులు, ఒక బ్లేడు

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాడిన ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’లో దాదాపు నిమిషం దగ్గర ఒక అతుకు ఉంది. దానికి ముందు వినిపించేది ఒక రికార్డింగ్. తర్వాతది వేరే రోజుల్లో, వేరే శ్రుతిలో, వేరే వేగంతో చేసిన మరో రికార్డింగ్. ముందే తెలియకపోతే ఈ అతుకును పట్టుకోవడం కష్టం.

1966 ఆగస్టు తర్వాత బీటిల్స్ కచేరీల టూర్లు మానేశారు. వేదిక మీద వాయించగలమా అన్న బెంగ లేకుండా, నవంబర్ 24న లండన్ అబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో, బృంద సభ్యుడు జాన్ లెనన్ రాసిన ఈ పాట మొదలుపెట్టారు. తొలి రూపం నెమ్మదైనది. ప్రారంభంలో వేణువులా వినిపించేది మెల్లోట్రాన్. మీట నొక్కితే, ముందే రికార్డు చేసి ఉంచిన టేపు ముక్క లోపల కదిలి పలికే వాద్యం అది. ఇందులో నిలిచింది ఏడో టేక్, అంటే ఏడోసారి చేసిన రికార్డింగ్.

కొన్నాళ్లకు లెనన్ ఇంకాస్త బరువైన రూపం కావాలన్నాడు. మళ్లీ మొదటి నుంచి పని. డ్రమ్స్ హోరు, తిరగేసి వినిపించిన సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు వాయించే లోహపు పళ్లేలు), నిర్మాత జార్జ్ మార్టిన్ రాసిన 4 ట్రంపెట్లు, 3 చెల్లోల స్వరాలు చేరాయి. ఆ ఏడాదే భారత్‌కు వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న మరో సభ్యుడు జార్జ్ హారిసన్ ఇందులో మన స్వరమండల్ మీటాడు. అప్పటి టేపు యంత్రంలో ఉన్నవి 4 ట్రాకులే, అంటే ధ్వనులను విడివిడిగా రికార్డు చేసుకునే 4 వరుసలే. అవి నిండితే అన్నిటినీ కలిపి మరో టేపు మీదికి ఎక్కించి, చోటు చేసుకోవాలి. అలా ఎక్కించిన ప్రతిసారీ టేపు రొద కాస్త పెరుగుతుంది. ఇంత శ్రమ తర్వాత వచ్చింది 26వ టేక్.

లెనన్‌కు మొదటిదాని ఆరంభం, రెండోదాని ముగింపు నచ్చాయి. రెండూ కలిపేయమన్నాడు. శ్రుతీ వేగమూ రెండూ తేడా అని మార్టిన్ చెప్పినా, మీరు సరిచేయగలరులే అన్నాడు.

చిక్కల్లా టేపు స్వభావంలో ఉంది. బ్యాటరీలు అయిపోవచ్చిన టేప్ రికార్డర్‌లో పాట సాగి, గొంతు కూడా లావైపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. టేపు నెమ్మదిస్తే ధ్వని తరంగాలు సెకనుకు తక్కువసార్లు కంపిస్తాయి, అందుకే వేగంతో పాటు శ్రుతీ పడిపోతుంది. షడ్జమం నుంచి తారషడ్జమానికి కంపనాలు రెట్టింపు. ఆ మధ్య దూరాన్ని 12 స్వరస్థానాలకు సమానంగా పంచితే ఒక్కో మెట్టుకు సుమారు 6 శాతం వస్తుంది. అంటే ఒక్క మెట్టు దిగాలన్నా వేగం దాదాపు 6 శాతం తగ్గక తప్పదు. ఒకటి మార్చి రెండోదాన్ని అలాగే ఉంచే వీలు ఆ టేపు యంత్రాల్లో లేదు.

ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. 26వ టేక్ వేగంగానూ ఉంది, పై శ్రుతిలోనూ ఉంది. దాన్ని నెమ్మదింపజేస్తే రెండు తేడాలూ ఒకేసారి తగ్గుతాయి. వేగంగా ఉండి కింది శ్రుతిలో ఉంటే ఏం చేసినా కలిసేది కాదు. యంత్రం మోటారు వేగం దానికి అందే విద్యుత్తు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ ఫ్రీక్వెన్సీని మార్చి టేపును దారికి తెచ్చారు. డిసెంబర్ 22న మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఆ రెండింటినీ కలిపారు.

టేపును బ్లేడుతో ఏటవాలుగా కోస్తారు. పావు అంగుళం వెడల్పున్న టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తుంటే, 45 డిగ్రీల కోత హెడ్‌ను, అంటే టేపు మీది ధ్వనిని చదివే భాగాన్ని, దాటడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఒక ధ్వని తగ్గుతూ మరొకటి పెరుగుతుంది. నిలువుగా కోస్తే టక్కుమని వినిపించే ప్రమాదం ఉంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది అతుకు తర్వాత లెనన్ గొంతు. మనిషి గొంతుకు దాని గుర్తింపునిచ్చేది శ్రుతి ఒక్కటే కాదు. గొంతు, నోటి ఆకారాల వల్ల పుట్టే అనునాదాలు కూడా. టేపు నెమ్మదించినప్పుడు అవీ కిందికి జారతాయి. అందుకే రెండో భాగంలో ఆయన సగం నిద్రలో పాడుతున్నట్టు, గొంతు బరువుగా, దూరంగా వినిపిస్తుంది. శ్రుతి కుదర్చడానికి చేసిన మార్పే ఆ స్వప్న స్వభావాన్నీ ఇచ్చింది. ఈరోజు సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని ముట్టకుండా శ్రుతి ఒక్కటే మార్చొచ్చు, గొంతు స్వభావాన్నీ చాలావరకు కాపాడొచ్చు. అలా సరిచేసి ఉంటే ఈ పాటకు ఈ గొంతు దక్కేది కాదు.