కౌంట్ బాగున్నా ఫ్లూ భయం పోదు

ల్యుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, మందులు వాడుతున్న పిల్లల ఇళ్లలో రక్తపరీక్ష రిపోర్టు రాగానే అందరి కళ్లూ ఒకే అంకె మీదికి పోతాయి: ఏఎన్‌సీ. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క అది. 500 కన్నా తగ్గితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. వెయ్యి దాటితే "కౌంట్ బాగుంది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరట సబబే. కానీ ఫ్లూ విషయంలో ఆ అంకె చెప్పేది సగం సంగతే.

న్యూట్రోఫిల్స్ ముఖ్యంగా బ్యాక్టీరియా, ఫంగస్‌ల పని పడతాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా లోపొర కణాల్లో దూరి పెరుగుతుంది. అలా వైరస్ చేరిన కణాలను గుర్తుపట్టి చంపేవి టి-లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు. యాంటీబాడీలు తయారుచేసేవి బి-లింఫోసైట్లు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో చెడిపోయేవి లింఫోసైట్లుగా ఎదగాల్సిన కణాలే. కీమో మందులు ఆ వంశాన్నీ దెబ్బతీస్తాయి. చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది, అందులో ఎక్కువ కాలం మెయింటెనెన్స్ దశ: రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. అప్పటికి జుట్టు మళ్లీ వచ్చి ఉంటుంది. పాప బడికి వెళ్తుంది, పుట్టినరోజు పార్టీలకు వెళ్తుంది. చూసినవాళ్లకు జబ్బు గుర్తే రాదు. లింఫోసైట్లు మాత్రం తక్కువగానే ఉంటాయి. ఫ్లూ అంటుకునే అవకాశం పెరిగేది సరిగ్గా అప్పుడే.

మామూలు పిల్లల్లో వారం రోజుల్లో సర్దుకునే వైరస్ ఈ పిల్లల్లో కొన్ని వారాలు తిష్ఠ వేయగలదు. అన్నాళ్లు పెరిగే క్రమంలో మందుకు లొంగని రకంగా మారనూవచ్చు. వైరస్ పాడుచేసిన ఊపిరితిత్తుల్లోకి బ్యాక్టీరియా దిగితే న్యుమోనియా. ఇవేవీ రాకపోయినా, జ్వరం తగ్గేదాకా కీమో వాయిదా పడుతుంది. క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడేది విరామం లేని చికిత్సే కాబట్టి, నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు.

క్యాన్సర్ కాని రక్తవ్యాధుల్లో దారి వేరు. పాడేరు, ఆదిలాబాద్ గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో ప్లీహం చిన్న వయసులోనే పాడవుతుంది. దాంతో న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియాను రక్తంలోంచి ఏరిపారేసే జల్లెడ పోయినట్టే. పైగా ఫ్లూతో ఆక్సిజన్ తగ్గితే ఎర్రకణాలు కొడవలిలా వంగి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఛాతీనొప్పి, ఆయాసం మొదలై గంటల్లోనే పరిస్థితి విషమించవచ్చు. ప్లీహం తీసేసిన థలసీమియా పిల్లలకూ బ్యాక్టీరియా ముప్పు ఇలాంటిదే.

అందుకే ఈ పిల్లలకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే రాత్రి రెండైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకుంటే జ్వరం కప్పబడిపోతుంది, విలువైన సమయం జారిపోతుంది. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో అసలు జ్వరమే తెలియకపోవచ్చు. అప్పుడు దగ్గు, మగత, తిండి మానేయడమే సూచన. ఓసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఫ్లూ అనుమానం ఉంటే డాక్టర్లు పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టేది అందుకే. ఆలస్యమైనా ఈ పిల్లలకు ఇవ్వడం మానరు.

కీమోలో ఉన్న పాపకు టీకా పూర్తిగా పట్టకపోవచ్చు. అయినా ఏటా వేయించాల్సిందే, కానీ ఇంజెక్షన్ టీకా మాత్రమే. ముక్కులో కొట్టే టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి అది వద్దు. పాప శరీరం తయారుచేసుకోలేని రక్షణను అమ్మానాన్న, అన్న, నాయనమ్మ తమ చేతులకు వేయించుకున్న సూదితో కొంతవరకు ఇవ్వగలరు. ఇంట్లోకి వైరస్ తెచ్చేది సాధారణంగా వాళ్లే కదా. మన ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు. చికిత్స ఖర్చుతో ఇప్పటికే నలిగిపోయిన కుటుంబం ఇంటందరికీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కనీసం ఈ కుటుంబాలకైనా దాన్ని ఉచితంగా ఇవ్వాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

మన దేశంలో ఫ్లూ జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల తర్వాత మరోసారి పెరుగుతుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. కాబట్టి జూన్‌లో బడులు తెరవకముందే పాపను చూస్తున్న డాక్టరుతో మాట్లాడి, కీమో తేదీలకు తగ్గట్టు టీకా తేదీ ఖాయం చేసుకోవడం మంచిది.