శ్రీకాకుళం జిల్లా రైలు స్టేషన్లు: ఉన్నవి, పోయినవి, జనం చెప్పుకునేవి

రిటైరయ్యాక నాకు ఒక కొత్త డ్యూటీ పడింది. టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు "మాస్టారూ, ఆ స్టేషన్ ఎందుకు ఎత్తేశారండీ?" అని మొదలుపెడతారు. నేను గ్లాసు కింద పెట్టేలోపే పక్కవాళ్లు నలుగురు నాలుగు కథలు చెప్పేస్తారు. ముప్పై ఏళ్లకు పైగా చిన్న స్టేషన్లలోనే స్టేషన్ మాస్టరుగా పచ్చజెండా ఊపినవాణ్ణి. ఆ కథల్లో కొన్నింటి సంగతి ఇక్కడ తేల్చేస్తాను. ఇచ్ఛాపురం నుంచి సిగడాం దాకా మెయిన్ లైను, నౌపడ నుంచి గుణుపూర్ పోయే బ్రాంచి లైను, నాకు తెలిసిన లోకం ఇదే.

అపోహ: ఊరి పెద్దలు వద్దన్నారు కాబట్టే శ్రీకాకుళం టౌన్‌కి రైలు రాలేదు

పేరు చివర "రోడ్" ఉన్న స్టేషన్లకు ఇలాంటి కథ ఒకటి తయారవుతూనే ఉంటుంది. మదనపల్లె రోడ్, నర్సీపట్నం రోడ్, వనపర్తి రోడ్, భద్రాచలం రోడ్... ఇన్ని ఊళ్ల పెద్దలూ కూడబలుక్కుని వద్దన్నారనుకోవాలా? రోడ్ అంటే "ఆ ఊరికి పోవాలంటే ఇక్కడ దిగి రోడ్డు పట్టండి" అని అర్థం, అంతే. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగినవాళ్లు రాముణ్ణి చూడాలంటే ఇంకా సుమారు 40 కిలోమీటర్లు పోయి గోదావరి దాటాలి.

బెజవాడను కటక్‌తో కలపడానికి 1890ల్లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మన లైను వేసింది. అంత పొడవు లైను వేసేటప్పుడు నదిని ఎక్కడ దాటితే చవక, కట్ట ఎక్కడ తక్కువ పొయ్యాలి అని చూస్తారు. ఊరు నాలుగు కోసుల దూరమైతే ఎడ్లబండి ఉంది కదా అనుకునే రోజులవి. అలా "శ్రీకాకుళం రోడ్" స్టేషన్ ఊరికి సుమారు 12 కిలోమీటర్ల అవతల ఆమదాలవలసలో పడింది. పేరులో రోడ్ లేకపోయినా ఇదే తంతు ఉండొచ్చు. సోంపేట స్టేషన్ సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. కొత్తవాళ్లు దిగి ఆటోవాణ్ణి అడిగాక గానీ ఆ విషయం తెలీదు.

అపోహ: టికెట్లు తెగడం లేదని స్టేషన్ మూసేశారు

అసలు గొడవ ఇక్కడే. చిన్న స్టేషన్ కట్టింది ముందుగా ప్రయాణికుల కోసం కాదండీ, రైళ్ల కోసం. ఇది చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉందనుకోండి. ఒకసారికి ఒకే బండిని వదలాలి. ఎదురుగా వచ్చే బండి పక్క స్టేషన్‌లో లూప్ లైనులో, అంటే పక్కకు తప్పుకునే పట్టాల మీద, ఆగి ఉండాలి. స్టేషన్లు దగ్గరగా ఉంటే ఎక్కువ బళ్లు నడుస్తాయి, దూరమైతే తక్కువ. పైగా అప్పటివి ఆవిరి ఇంజన్లు, దారిలో నీళ్లు పట్టాలి. అందుకే ఊరు కనిపించని పొలాల మధ్య కూడా ఒక పెంకుటింటి స్టేషన్, నాలుగు క్వార్టర్లు, ఒక బావి, ఒక వేపచెట్టు ఉండేవి. రోజుకు పది టికెట్లు తెగని చోట కూడా షిఫ్టుల మీద ముగ్గురు మాస్టర్లం ఉండేవాళ్లం.

అప్పటి పని ఎలా ఉండేదో ఒక్కటి చెబుతాను. టోకెన్ అంటే ముందున్న లైనులోకి పోవడానికి బండికిచ్చే అనుమతి. టోకెన్ మిషన్‌లోంచి ఆ ఇనుప బంతి తీసి తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని బెత్తం రింగుకు కట్టేవాళ్లం. వానలో, రాత్రిపూట, ఆగని గూడ్సు బండికి పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ ఆ రింగు పైకెత్తి పట్టుకుంటే, ఇంజన్‌లోంచి చెయ్యి చాపి దాన్ని భుజానికి తగిలించుకుని పోయేవాళ్లు. ఒకసారి రింగు తప్పిపోయి సంచి చెరువు గట్టు మీదికి ఎగిరింది. బండి ముందుకెళ్లి ఆగింది. లాంతరు పట్టుకుని ముగ్గురం ముళ్లకంపలో వెతికాం. ఆ బంతి చేతికి వస్తేగాని డ్రైవరు ఒక్క అడుగు కదపకూడదు.

డబ్లింగ్ అయ్యాక, అంటే పక్కన రెండో లైను పడ్డాక, ఎదురుబండి సమస్య పోయింది. ఆ తర్వాత రెండు స్టేషన్ల మధ్య ఐబీ (ఇంటర్మీడియట్ బ్లాక్) సిగ్నల్ వచ్చింది. మధ్యలో మనిషే అక్కర్లేకుండా ఆ సెక్షన్‌ని రెండు ముక్కలు చేసే సిగ్నల్ అది. వెనక స్టేషన్ మాస్టరే బటన్లతో నడిపేస్తాడు. అప్పుడు మధ్య స్టేషన్ పని ఖాళీ. ముందు లూప్ లైను తీసేస్తారు, తర్వాత సిగ్నళ్లు, ఆ తర్వాత మాస్టర్లను బదిలీ చేస్తారు. స్టేషన్ హాల్ట్ అవుతుంది, అంటే మాస్టరు లేకుండా బండి ఆగి పోయే చోటు మాత్రమే. ఊళ్లోవాళ్లకి మాత్రం ఎక్స్‌ప్రెస్ ఆగడం మానేసిన రోజే గుర్తుంటుంది. దానికి ముందు పదేళ్లుగా జరిగినవి వాళ్ల కంటికి కనబడవు.

టికెట్లు అస్సలు లెక్కలోకి రావని కాదు. బండి ఆగాలా వద్దా అన్నదానికి అవి లెక్కే. స్టేషన్ బతకాలా వద్దా అన్నది మాత్రం వేరే లెక్క.

అపోహ: నౌపడ చిన్న రైలు బ్రిటిష్ వాళ్లు వేసింది

కాదు, పర్లాకిమిడి రాజావారు వేయించుకున్నారు. గౌరచంద్ర గజపతి తన రాజధానిని మెయిన్ లైనుకు కలపాలనుకుని, 7 లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ దాకా సుమారు 40 కిలోమీటర్ల లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మొదటి ఏళ్లన్నీ నష్టాలు. లాభాలు కనబడ్డాక కృష్ణచంద్ర గజపతి హయాంలో 1929లో కొంత, 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోవడంతో లైను రెండు రాష్ట్రాలదయింది. పాతపట్నం ఇటు, పర్లాకిమిడి అటు, మధ్యలో మహేంద్రతనయ.

2004 జూన్‌లో చిన్న రైలు ఆగిపోయింది. పర్లాకిమిడి దాకా పెద్ద లైను 2010లో, గుణుపూర్ దాకా 2011లో వచ్చింది. "ఉన్న పట్టాల్నే కాస్త ఎడంగా జరిపారు" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పెద్ద బండి అంత మెలికలో తిరగలేదు, మలుపు సాపు చెయ్యాలి. వంతెనలు ఆ బరువు మొయ్యవు, కొత్తవి కట్టాలి. చిన్న పెట్టె గుమ్మం కిందికి ఉంటుంది కాబట్టి పాత ప్లాట్‌ఫాం కూడా పనికిరాదు. ఇన్ని మారాక పాత కట్టడం నిలిచిందంటే అది దాని అదృష్టం.

అపోహ: స్తంభం మీద ఉన్న సంవత్సరమే స్టేషన్ కట్టిన సంవత్సరం

ఇందులో నేనూ పప్పులో కాలేశాను. ఒక హాల్ట్ దగ్గర కంచెకు స్తంభంగా పాతిన రైలు పట్టా ముక్క మీద 1911 అని ఉబ్బెత్తు అంకెలు కనబడ్డాయి. ఆ హాల్ట్‌కి అంత వయసుందని ఊరంతా చాటాను. తర్వాత ఒక పాత కీమన్ (పట్టాల వెంట నడిచి తనిఖీ చేసేవాడు) నవ్వి, "బాబూ, అది పట్టా పుట్టిన ఏడు. ఎక్కడో అరిగిపోయాక ఇక్కడ పాతాం" అన్నాడు. ఆ పాతినవాళ్లలో తనూ ఉన్నాడట.

అపోహ: ఎత్తేసిన స్టేషన్ స్థలం భూమి ఇచ్చిన రైతుకు తిరిగొస్తుంది

రాదు. అప్పట్లో సేకరించిన భూమి దానంతటదే వెనక్కి రాదు. పట్టాలు పోయినా హద్దురాళ్లు అక్కడే ఉంటాయి. ఆ పక్కన భూమి కొనేముందు వాటిని చూసుకోండి.

అపోహ: హాల్ట్‌లో టికెట్లిచ్చేవాడు రైల్వే ఉద్యోగి

చాలాచోట్ల కాదు. కమిషన్ మీద పనిచేసే ఏజెంటు, ఆ ఊరివాడే. జీతం లేదు, పాస్ లేదు. సొంత డబ్బు కట్టి పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు ముందే కొనుక్కొస్తాడు. మా దగ్గరికి సైకిలు మీద వచ్చే ఏజెంటు ఒకడుండేవాడు. అట్ట టికెట్లను నంబరు వరసన లెక్కపెట్టుకుని, రెండోసారి కూడా లెక్కపెట్టి, రేకు పెట్టెలో సర్దుకునేవాడు. "నిన్న ఎన్ని తెగాయి?" అంటే "ఏడు, మాస్టారూ. అందులో రెండు మా ఇంటోళ్లవే" అనేవాడు.