డౌన్‌టౌన్ థియేటర్‌ని తెరిపించడం ఒక ఖర్చు, నడపడం ఇంకో ఖర్చు

అమెరికాలో చాలా ఊళ్లలో ఈ దృశ్యం కనిపిస్తుంది. డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, మెయిన్ రోడ్డు మీద దీపాలు ఆరిపోయిన బోర్డు, తలుపులకు అడ్డంగా కొట్టిన చెక్కలు, లోపల ఎక్కడో నీళ్లు కారుతున్న పైకప్పు. ఆ పాత థియేటర్‌ని బాగుచేసి మళ్లీ తెరుద్దామని కొందరు చందాలు మొదలుపెడతారు. అది మన ఊరి గుర్తు అని ఒకరంటే, రోడ్లకీ బడులకీ లేని డబ్బు దీనికెక్కడిదని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. కానీ ఆ థియేటర్ అసలెందుకు మూతపడిందో ఎవరూ మాట్లాడరు. మాట్లాడుకోవాల్సింది అక్కడి నుంచే.

ఈ భవనాల్లో చాలావరకు 1910లు, 1920ల నాటివి. పెద్ద సినిమా కంపెనీలే తమ సినిమాల కోసం సొంత థియేటర్లు నడిపే కాలం అది. న్యూయార్క్‌లో 1927లో తెరిచిన రాక్సీలో దాదాపు 6 వేల సీట్లుండేవి. జనం ట్రామ్ దిగి నడిచి వచ్చేవారు కాబట్టి పార్కింగ్ స్థలం అక్కర్లేకపోయింది. 1946 నాటికి దేశమంతా కలిపి వారానికి 8, 9 కోట్ల టికెట్లు తెగేవని అంచనా. ఆ రోజుల లెక్కకు సరిపోయేలా కట్టిన హాళ్లివి. ఆ లెక్క మారిపోయింది, హాలు మాత్రం అంతే పెద్దదిగా మిగిలింది.

మార్పు చాలా త్వరగా వచ్చింది. సినిమా తీసే కంపెనీలు థియేటర్ల వ్యాపారం వదులుకునేలా 1948లో సుప్రీంకోర్టు తీర్పు దారి తీసింది. అదే సమయంలో టీవీ ఇళ్లలోకి వచ్చింది, కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి, 1956 చట్టంతో హైవేలు పరుచుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిన పదేళ్లకే ప్రేక్షకులు దాదాపు సగానికి తగ్గారు. 1963లో కాన్సస్ సిటీలో ఒక షాపింగ్ సెంటర్ పక్కన రెండు తెరల థియేటర్ వచ్చింది, తర్వాత మల్టీప్లెక్సుల కాలం. డౌన్‌టౌన్ హాలు యజమాని ఏదో తప్పు చేసి మూసుకోలేదు. జనం అటు రావడం మానేశారు, అంతే. 1960లో రాక్సీని కూడా కూల్చేశారు.

చందాల సభల్లో ‘మనందరి జ్ఞాపకం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ‘మనందరి’లో ఎవరున్నారో నిజాయితీగా చూడాలి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ప్రేక్షకులకు వేరే ద్వారం, వేరే మెట్లు, పైన బాల్కనీ. కొన్ని చోట్ల అసలు ప్రవేశమే లేదు. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో కరొలైనా థియేటర్ దగ్గర 1962లో యువకులు వరుసలో నిలబడి టికెట్ అడిగేవారు. ఇవ్వం అంటే వెనక్కి వెళ్లి మళ్లీ వరుసలో చేరేవారు. ఆ మరుసటి ఏడాది అక్కడ అందరికీ తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత కూల్చివేత నుంచి బయటపడిన ఆ థియేటర్‌లో ఇప్పుడు ఆ పోరాటం గురించి ఒక ఎగ్జిబిషన్ ఉంది. ఇది చాలా మంచి పని అని నా అభిప్రాయం. తాతను వెనక మెట్ల మీదుగా పంపిన భవనానికి చందా ఇవ్వమని మనవడిని అడిగేటప్పుడు ఆ మెట్ల సంగతి దాచకూడదు.

కాపాడుకోవాలనే ఆలోచనకు చట్టం అండ 1966లో వచ్చింది. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ అనే రైల్వే స్టేషన్ కూల్చివేత 1963లో మొదలవడం చాలామందిని కదిలించింది. ఆ తర్వాతే చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్ ఏర్పడింది. ఇక్కడ ఒక అపోహ ఉంది. రిజిస్టర్‌లో పేరెక్కితే ఇక ఎవరూ కూల్చలేరనుకుంటారు. అది నిజం కాదు. ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటే ఆ పేరు ఒక్కటే ఆపలేదు. ఆపగలిగేది స్థానిక చట్టం, లేదా భవనాన్ని కొనేవాళ్లు.

అట్లాంటాలో కొనేవాళ్లు దొరికారు. 1929లో తెరిచిన ఫాక్స్ థియేటర్ స్థలంలో ఆఫీసు కట్టాలని 1970లలో ఒక టెలిఫోన్ కంపెనీ అనుకుంది. 1975లో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడి, అప్పు తెచ్చి భవనం కొంది. జనం కచేరీలతో, చందాలతో ఆ అప్పును 1978లో తీర్చేశారు. అందరూ చెప్పుకునేది అంతవరకే. అసలు విషయం తర్వాతది. ఫాక్స్‌కు వేల సీట్లున్నాయి, పెద్ద వేదిక ఉంది. టూర్ మీద తిరిగే నాటకాలు, సంగీత బృందాలు అక్కడికి వచ్చాయి, ఆదాయం వచ్చింది. క్లీవ్‌ల్యాండ్‌లోని ప్లేహౌస్ స్క్వేర్ అనే థియేటర్ల సముదాయం మరో దారి పట్టింది. 1960ల చివర్లో మూతపడిన హాళ్లను ఒక్కొక్కటిగా తెరవడానికి చాలా ఏళ్లు పట్టింది. చుట్టుపక్కల ఆఫీసు భవనాల వ్యాపారంలోకి కూడా దిగి, థియేటర్లను పోషించే దారి వెతుక్కుంది.

డెట్రాయిట్‌లో ఏ దారీ దొరకలేదు. 1926 నాటి మిషిగన్ థియేటర్‌ని కూల్చితే ఆనుకుని ఉన్న ఆఫీసు భవనం దెబ్బతింటుందని, 1977లో లోపలి భాగాన్ని కార్ల పార్కింగ్‌గా మార్చేశారు. చెక్కిన పైకప్పు అలాగే ఉంది, కింద కార్లు. ఆ ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే చందా అడిగేవాళ్లను మొదట అడగాల్సింది వేదిక గురించి. పూర్వం నాటకాలు, వరైటీ షోలు కూడా ఆడిన హాలైతే తెర వెనక లోతు, పైన సెట్టింగులు వేలాడదీసే ఎత్తు ఉంటాయి. సినిమా కోసమే కట్టినదైతే తెర వెనక గోడే. ఆ గోడ ఎక్కడుందన్న దాన్ని బట్టే రేపటి ఆదాయం చాలావరకు తేలిపోతుంది. తర్వాత పైకప్పు, వైరింగ్, పాత కట్టడాల్లో వాడిన ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్, వికలాంగుల కోసం 1990 చట్టం అడిగే ర్యాంపులు, లిఫ్టు. చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ దొరుకుతుంది. కానీ లాభాపేక్ష లేని సంస్థ సాధారణంగా ఆదాయపు పన్ను కట్టదు. కాబట్టి ఆ రాయితీని వాడుకోగల పెట్టుబడిదారుతో ఒప్పందం చేసుకోవాలి, దానికి లాయర్ల ఖర్చు వేరే. 1994 నుంచి 2008 వరకు అమెరికాలో కట్టిన సాంస్కృతిక భవనాలను షికాగో విశ్వవిద్యాలయం పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చింది. పరిశీలించినవాటిలో 80 శాతానికి పైగా అనుకున్న బడ్జెట్ దాటాయి.

ఊళ్లో కోపానికి ఇంకో కారణం చందాలు పోగుచేసే పద్ధతిలోనే ఉంది. పెద్ద దాతలతో ముందు చాటుగా మాట్లాడి, లక్ష్యంలో సగమో ఇంకా ఎక్కువో ఖాయమయ్యాకే బహిరంగంగా ప్రకటించడం అక్కడి ఆనవాయితీ. డబ్బు వైపు నుంచి అది తెలివైన పనే. కానీ మామూలు మనిషికి కబురు చేరేసరికి బొమ్మలూ ప్లానులూ సిద్ధమై ఉంటాయి. నన్నెవరూ అడగలేదే అనిపిస్తుంది. ఆ బాధ నిజమైనది, దాన్ని ప్రగతికి అడ్డుపడటంగా కొట్టిపారేయడం తప్పు. వ్యతిరేకించేవాళ్లు కూడా ఒక లెక్క వేయాలి. ఖాళీ భవనం ఊరికే ఉండదు. కప్పు కూలితే పక్క గోడలకు ప్రమాదం, చివరికి కూల్చడానికీ డబ్బు కావాలి, ఆ బిల్లు తరచుగా ఊరి మీదే పడుతుంది. రెండు వైపులవాళ్లూ బల్ల మీద పెట్టాల్సింది తెరిచిన రోజు ఫొటో కాదు, తెరిచిన మూడో ఏడాది జనవరిలో హీటింగ్ బిల్లు ఎవరు కడతారో రాసిన కాగితం.