మా ఊళ్లో నన్ను అడిగేవి: కొలైడర్ అపోహలు - వాస్తవాలు

2008 సెప్టెంబర్ 9 రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. నేనప్పుడు హనుమకొండలో అద్దె గదిలో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. "బిడ్డా, రేపు దునియా మునుగుతదంట గదా! టీవీల పొద్దంత అదే చూపెడుతున్నరు. ఇంటికి రారాదు, అందరం ఒక్కకాడ ఉందాం" అంది. మా ఊరు పరకాల దగ్గర. ఏమీ కాదమ్మా అని నచ్చజెప్పాను గానీ, ఎందుకు కాదో ఆమెకు తెలిసేలా చెప్పడం ఆ రోజు నాకు చేతకాలేదు.

మర్నాడు జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో, అంటే ప్రోటాన్లను పరుగెత్తించి ఎదురెదురుగా ఢీకొట్టే మెషిన్‌లో, మొదటిసారి ప్రోటాన్లు పూర్తి చుట్టు తిరిగాయి. భూమికి ఏమీ కాలేదు. కానీ మధ్యప్రదేశ్‌లో ఒక అమ్మాయి ఆ టీవీ వార్తలు చూసి భయంతో ప్రాణం తీసుకుందని పేపర్లలో వచ్చింది. ఆ వార్త నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎందుకంటే ఆ రోజు అసలు కణాలను ఢీకొట్టనే లేదు. ముందు ఒక దిశలో, తర్వాత రెండో దిశలో తిప్పి చూశారు, అంతే. మొదటి ఢీలు 2009 నవంబర్‌లో గానీ జరగలేదు. ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పేవాళ్లు ఆ రోజు ఆ అమ్మాయి ఇంటి టీవీలో లేకపోయారు.

ఇప్పుడు నేను అదే కొలైడర్‌లో, ఢీల నుంచి వచ్చే కణాలను నమోదు చేసే సీఎంఎస్ అనే ప్రయోగంలో డేటా విశ్లేషణ చేస్తున్నాను. బతుకమ్మకు, జాతరకు ఇంటికి వచ్చినప్పుడు, బడుల్లో పిల్లలతో మాట్లాడినప్పుడు జనం అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఆ మెషిన్‌లో బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుంది.

మేం అక్కడ చేసే పని ఆకాశంలో రోజూ జరుగుతున్నదే. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, అంటే ఎక్కువగా ప్రోటాన్లే, మన గాలి పొరలోని అణువులను ఎడతెరిపి లేకుండా ఢీకొంటున్నాయి. 1991లో అమెరికాలోని యూటాలో నమోదైన ఒక్క కణానికి, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతికి ఉన్నంత శక్తి ఉంది. బంతి కాదు, కంటికి కనపడని ఒక్క కణం! అది గాలిలోని ప్రోటాన్‌ను తాకినప్పుడు ఢీలో అందే శక్తి, మా కొలైడర్ ఢీతో పోలిస్తే 50 రెట్లకు పైనే. అంత గట్టివి చాలా అరుదు. కానీ మా స్థాయి ఢీలు మాత్రం భూమి పుట్టినప్పటి నుంచి, కొలైడర్ మొత్తం జీవితకాలంలో చేసే పనికి లక్ష రెట్లకు పైగా జరిగిపోయాయి. భూమి ఉంది, చంద్రుడు ఉన్నాడు.

దీనికి తెలివైన ఎదురు ప్రశ్న ఒకటుంది. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు అడిగారు. "కాస్మిక్ కిరణం వల్ల పుట్టింది అదే వేగంతో భూమిని దాటి వెళ్లిపోతుంది కదా, మీ దగ్గర ఎదురెదురుగా గుద్దుకుంటాయి కాబట్టి పుట్టింది అక్కడే నిలిచిపోవచ్చు కదా?" సరైన ప్రశ్న. భద్రతను పరిశీలించిన శాస్త్రవేత్తలు కూడా 2008 నివేదికలో దీన్నే పట్టుకున్నారు. జవాబు తెల్ల మరుగుజ్జు నక్షత్రాల్లో, న్యూట్రాన్ నక్షత్రాల్లో ఉంది. వాటి సాంద్రత ఎంతంటే, అలాంటి కణం ఏది వచ్చినా దాటిపోలేదు, అక్కడే ఇరుక్కుంటుంది. కొలైడర్‌లో భూమిని మింగగలిగేది ఏదైనా పుట్టగలిగితే, ఆ నక్షత్రాలు ఎప్పుడో మాయమై ఉండాలి. అవి కోట్ల ఏళ్లుగా అలాగే ఉన్నాయి. ఆ నక్షత్రాల సాక్ష్యం నాకు మా లెక్కల కంటే కూడా ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

అపోహ: అక్కడ జరిగేది బాంబు లాంటి పేలుడు.

రెండు ప్రోటాన్లు ఢీకొన్నప్పటి శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. ఎగిరే దోమకు ఉండే శక్తి సుమారు ఒక టెరా ఎలక్ట్రాన్ వోల్టు. అంటే ఒక్కో ఢీ డజను దోమల ఎగురుడుకు కాస్త ఎక్కువ. దాన్ని దోమ కంటే లక్షల కోట్ల రెట్లు చిన్న చోట ఇరికించడమే మా పని.

అయితే కణాలన్నీ కలిస్తే సంగతి వేరు. ఒక పుంజంలోని, అంటే ఒకే దిశలో కలిసి తిరిగే గుంపులన్నిటిలోని ప్రోటాన్ల మొత్తం బరువు గ్రాములో వంద కోట్ల వంతు కూడా ఉండదు. వాటి మొత్తం శక్తి మాత్రం కాజీపేట జంక్షన్‌లో ఆగకుండా గంటకు 150 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే 400 టన్నుల రైలుకు ఉన్నంత. అందుకే ఏదైనా తేడా కనిపించిన వెంటనే, ఆ పుంజాన్ని మూడు చుట్లు తిరిగేలోపే సుమారు 8 మీటర్ల గ్రాఫైట్ దిమ్మెలోకి మళ్లిస్తారు. ప్రోటాన్లు సెకనుకు 11,245 చుట్లు తిరుగుతాయి కాబట్టి ఆ మూడు చుట్లకు పట్టే సమయం మీరే లెక్కేసుకోండి.

నిజమైన ప్రమాదం ఒకసారి జరిగింది కూడా. 2008 సెప్టెంబర్ 19న, అంటే టీవీల హడావుడి చల్లారిన తొమ్మిది రోజులకు, రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు ఒకటి చెడిపోయి మెరుపు కొట్టింది. చల్లదనం కోసం నింపిన హీలియం టన్నుల లెక్కన లీకైంది, 53 అయస్కాంతాలను బయటకు తీయాల్సి వచ్చింది. ఎవరికీ గాయం కాలేదు. మెషిన్ ఏడాదికి పైగా ఆగింది. దానివల్ల నష్టపోయింది సొరంగంలోని సామాను, అంతే.

అపోహ: హిగ్స్ బోసాన్ దైవకణం, దేవుడి ఉనికికి రుజువు.

హిగ్స్ బోసాన్ అంటే, అంతటా వ్యాపించి ఉండి మూల కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం తాలూకు కణం. దైవకణం అనే పేరు భౌతిక శాస్త్రవేత్త లియోన్ లెడర్‌మాన్ 1993లో రాసిన పుస్తకం శీర్షికలోంచి వచ్చింది. మాలో ఎవరమూ పనిలో ఆ మాట వాడం. గుడికి వెళ్లేవాళ్లకూ, వెళ్లనివాళ్లకూ ఈ కణం చెప్పేది ఏమీ లేదు. బోసాన్ అనే మాట మాత్రం మనది. సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద పెట్టింది.

"మన బరువంతా హిగ్స్ వల్లే" అనేది కూడా సగం మాటే. ఎలక్ట్రాన్, క్వార్క్ (ప్రోటాన్ లోపల ఉండే కణం) లాంటి మూల కణాలకు ద్రవ్యరాశి హిగ్స్ క్షేత్రం వల్ల వస్తుంది, నిజమే. కానీ ప్రోటాన్ బరువులో దాని క్వార్కుల వాటా వందకు ఒకటే. మిగతాదంతా క్వార్కులను పట్టి ఉంచే బలం తాలూకు శక్తి. 60 కిలోల మనిషిలో హిగ్స్ చలువ కిలో కూడా ఉండదు.

అపోహ: 2012లో శాస్త్రవేత్తలు హిగ్స్ కణాన్ని కళ్లతో చూశారు, ఫొటో తీశారు.

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా పని ఇదే. హిగ్స్ పుట్టిన చోటు నుంచి కదిలేలోపే విచ్ఛిన్నమైపోతుంది. డిటెక్టర్‌కు చిక్కేది దాని తునకలే. పైగా సుమారు వంద కోట్ల ఢీలకు ఒక్క హిగ్స్ పుడుతుంది. ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. అంత డేటా దాచుకోలేం. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు అప్పటికప్పుడు తేల్చి, సెకనుకు కొన్ని వేల ఘటనలను మాత్రమే మిగులుస్తాయి. వదిలేసింది ఇక దొరకదు. ఆ జల్లెడ కన్నాలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే మాకు నిత్యం ఉండే టెన్షన్.

మరి తునకల నుంచి కణం ఉందని ఎలా తేలుస్తారు? మా నాన్న మిర్చి రైతు. ఆయనకు ఎనుమాముల మార్కెట్‌ను చూపించి చెప్పాను. యార్డులో వేల రాశులు పడతాయి. నువ్వు ఒక్క బస్తా కూడా చూడలేదనుకో, సాయంత్రం రేట్ల రిజిస్టర్ మాత్రమే నీ చేతికొచ్చింది. మామూలుగా రేటు పెరిగేకొద్దీ ఆ రేటు పలికిన రాశులు తగ్గుతూ పోవాలి. కానీ పైన ఒకచోట, ఒకే రేటు దగ్గర, ఉండాల్సిన వాటికంటే ఎక్కువ రాశులు గుమిగూడి కనిపించాయి. అప్పుడేమనుకుంటావు? నాన్న వెంటనే "చపాటా దిగి ఉంటది" అన్నాడు. చపాటా అంటే మంచి రేటు పలికే మిర్చి రకం. మేం చేసిందీ అదే. హిగ్స్ రెండు ఫోటాన్లుగా, అంటే కాంతి కణాలుగా, విడిపోయేది వెయ్యికి రెండుసార్లే. అలాంటి జంటలన్నిటి ద్రవ్యరాశులను లెక్కకట్టి గీస్తే, 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర (కణాల ద్రవ్యరాశిని కూడా మేం శక్తి కొలతలోనే చెప్తాం) చిన్న దిబ్బ లేచింది. మా సీఎంఎస్‌కూ, అదే కొలైడర్‌లోని అట్లాస్ ప్రయోగానికీ, విడివిడిగా, ఒకే చోట. 2012 జూలై 4న ప్రకటించింది ఆ దిబ్బనే.

నాన్న అంతటితో ఊరుకోలేదు. "ఒక్కోనాడు ఊరికే గూడ గట్ల అయితది గద" అన్నాడు. అవుతుంది. అందుకే మాకు ఒక గీత ఉంది. కొత్త కణమేదీ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా అలాంటి దిబ్బ లేచే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటికి తగ్గితే గానీ "కనుగొన్నాం" అనే మాట వాడం. ఆ గీత ఎంత అవసరమో 2015 డిసెంబర్‌లో తెలిసింది. 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మరో దిబ్బ కనిపించింది. నెలల తరబడి సిద్ధాంతకర్తలు దాని మీద వందల పేపర్లు రాశారు. 2016 ఆగస్టుకు డేటా పెరిగేసరికి ఆ దిబ్బ కరిగిపోయింది. అది మాకు పరువు తక్కువ అని నేను అనుకోను. రేట్ల రిజిస్టర్‌ను ఇంకో నెల రాసి, మేమే కాదని చెప్పాం.

అపోహ: సెర్న్‌లో శివుడి విగ్రహం పెట్టి రహస్య పూజలు చేస్తారు.

నటరాజ విగ్రహం ఉంది. 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక. సుమారు 2 మీటర్ల ఎత్తు. పూజలు లేవు. 2016లో దాని ముందు నరబలి జరిగినట్టు తిరిగిన వీడియో, లోపలికి రాగల అనుమతి ఉన్నవాళ్లెవరో అనుమతి లేకుండా ఆడిన నాటకమని సెర్న్ అప్పుడే చెప్పింది. వాట్సాప్‌లో అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరైనా పంపితే దయచేసి మరొకరికి పంపకండి.

అపోహ: అదంతా తెల్లోళ్ల పని, మనకు ఒరిగేదేం లేదు.

ఆ 27 కిలోమీటర్ల సొరంగంలో కణాలను వంచే పెద్ద అయస్కాంతాలు 1,232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. అంత బరువును మోస్తూ, వెంట్రుక మందమంత తేడాతో సరిచేయగలిగే జాక్‌లు సుమారు 7,000 మన దేశం నుంచి వెళ్లాయి. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం ఆ పని నడిపించింది. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం.

మా పెద్దమ్మకు క్యాన్సర్ వచ్చినప్పుడు "కరెంటు పెట్టించారు" అని ఊళ్లో అందరూ అన్నారు. ఆ కరెంటు మెషిన్ పేరు లీనాక్. అది కూడా కణాలను వేగం చేసేదే. ఎలక్ట్రాన్లను పరుగెత్తించి టంగ్‌స్టన్ ముక్కకు కొడితే ఎక్స్‌రేలు పుడతాయి, వాటితో గడ్డను కాలుస్తారు. అయితే అది మా కొలైడర్ వల్ల వచ్చిందంటే అబద్ధం అవుతుంది. దానికంటే ఎంతో ముందే వచ్చింది. ఇంటర్నెట్‌లో మనం చూసే వెబ్ సెర్న్‌లోనే 1989లో మొదలైన ఆలోచన, అది నిజం. కానీ ఇలాంటి లాభాలు చూపించి ఒప్పించడం నాకు ఇష్టం ఉండదు. ఈ సృష్టి దేనితో తయారైందో తెలుసుకోవాలనే మేం ఈ పని చేస్తున్నాం. అందుకు ప్రజల డబ్బు ఖర్చవుతోంది కాబట్టి, తెలిసింది తెలిసినట్టు చెప్పే బాధ్యత మా మీద ఉంది.

అపోహ: కణాలను చూడాలంటే జెనీవా పోవాలి.

అరచేతిని వెల్లకిలా చాపండి. సెకనుకు ఒకటైనా మ్యువాన్, అంటే ఎలక్ట్రాన్ లాంటిదే కానీ అంతకంటే బరువైన కణం, దాన్ని దాటి నేలలోకి పోతుంది. కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టేవే ఇవి. వీటి జాడను చూడటానికి కావాల్సినవి చేపల గాజు తొట్టి, నల్ల రంగు వేసిన రేకు, ఉన్ని గుడ్డ, టార్చి, స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డ్రై ఐస్. మెడికల్ షాపులో దొరికే నీళ్లు కలిసిన రకం పనికిరాదు. డ్రై ఐస్‌ను హైదరాబాద్ నుంచి థర్మాకోల్ పెట్టెలో తెప్పిస్తాం. గుడ్డను ఆల్కహాల్‌లో తడిపి తొట్టి అడుగున అంటించి, తొట్టిని రేకు మీద బోర్లించి, రేకు కింద డ్రై ఐస్ పరవాలి. చేతులకు మందపాటి గ్లౌజులు ఉండాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. గది చీకటి చేసి పక్క నుంచి టార్చి వేస్తే, పది పదిహేను నిమిషాలకు రేకు మీద సన్నని పొగమంచు నిలుస్తుంది. అందులో దారం లాగినట్టు తెల్లటి గీత ఒకటి వచ్చి, రెండు క్షణాల్లో చెదిరిపోతుంది. తిన్నగా సాగేది మ్యువాన్ కావచ్చు. మెలికలు తిరిగేది ఎలక్ట్రాన్. పొట్టిగా లావుగా ఉంటే గాలిలోని రేడాన్ అనే వాయువు నుంచి వచ్చిన ఆల్ఫా కణం.

మొన్న దసరా ముందు మా ఊరి బడిలో ఇది పెట్టినప్పుడు అమ్మ కూడా వచ్చింది. పిల్లల మధ్యలో ముందుకు వంగి చాలాసేపు చూసింది. "గివి ఎప్పటిసంది పడుతున్నయి బిడ్డా?" అంది. నువ్వు పుట్టకముందు నుంచి, తాతలు పుట్టకముందు నుంచి, భూమి ఉన్నప్పటి నుంచి అన్నాను. ఇంకో గీత వచ్చి పోయేదాకా ఆగింది.

"మరి గా రోజు టీవీల గిది చూపెట్టకపోయిండ్రు గద" అంది.