చక్కెర ద్వారం జాడ: మనవలకు ఒక ఉత్తరం

నల్లగొండ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న పానగల్లు చెరువు కట్ట మీద నడుస్తూ, ప్రయోగశాలలో కుందేళ్లతో నాకు పనేమిటని మీరు అడిగారు. ఆ ప్రశ్నకు నిలబడి చెప్పే జవాబు చాలదు కనుక రాస్తున్నాను.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే చూశాడు. మన ఎర్ర రక్తకణంలో దూరిన ఆ జీవికి చక్కెర దాచుకునే ఏర్పాటు లేదు కాబట్టి, అది ఎప్పటికప్పుడు మన గ్లూకోజునే లాక్కుని బతుకుతుంది. ఆ చక్కెరను దాని ఒంటిలోకి చేరవేసేది పొరలో 12 సార్లు అటూ ఇటూ దూరి కూర్చున్న ఒక ప్రోటీన్. మన ఎర్రకణానికీ ఇటువంటి ద్వారం ఉంది, కానీ పరాన్నజీవి ద్వారం ఫ్రక్టోజును కూడా లోపలికి రానిస్తుంది. ఈ తేడాలను పట్టుకుంటే, మన ద్వారం జోలికి పోకుండా దాని ద్వారాన్నే మూసే మందు దొరకవచ్చు.

అయితే ముందు ఆ ప్రోటీన్ ఎక్కడుందో చూడగలగాలి. అది కొవ్వు పొరలో మునిగి ఉంటుంది, బయటికి కనిపించేవి చిన్న చిన్న వంపులే. అటువంటి ఒక వంపును పోలిన ముక్కను తయారు చేసి, ఒంటరిగా ఇస్తే కుందేలు శరీరం పట్టించుకోదు గనుక, ఒక సముద్రపు నత్త రక్తంలోని పెద్ద ప్రోటీన్‌కు అతికించి సూది వేస్తాము. కొన్ని వారాల తరువాత చెవి సిరనుంచి తీసిన రక్తం గడ్డకట్టగా, పైన తేలే లేత పసుపు సీరంలో మనకు కావలసిన యాంటీబాడీలు, అంటే ఆ వంపును గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు, ఉంటాయి. సూది వేయకముందు తీసిన సీరాన్ని కూడా తప్పక దాచాలి. అది చూపని గుర్తును కొత్త సీరం చూపినప్పుడే నేను నమ్ముతాను.

నా మొదటి పరీక్ష చెడిపోయింది. పరాన్నజీవి ప్రోటీన్లను జెల్ అనే మెత్తని పలకలో నడిపి, పరిమాణాన్ని బట్టి విడదీసి, మన సీరం ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో చూడాలి. అలవాటు కొద్దీ ముందుగా ఆ నమూనాను మరిగించాను. పొరల్లో ఉండే ప్రోటీన్లు మరిగితే ముద్దకట్టి జెల్ పైఅంచులోనే ఇరుక్కుపోతాయి. యాంటీబాడీ పనికిరాదనుకుని రెండు నెలలు దిగులుపడ్డాను. మరిగించకుండా, గోరువెచ్చగా ఉంచి చూసిన రోజున, ఉండవలసిన చోటే సన్నని చార కనిపించింది.

తరువాత అదే సీరాన్ని, మెరిసే రంగును జోడించి, జబ్బుపడిన ఎర్రకణాలపై వేశాము. కణం అంచు చీకటిగానే ఉంది, లోపల పరాన్నజీవి చుట్టూ మాత్రం పచ్చని ఉంగరం వెలిగింది. ఆ ఫోటో నా బీరువాలో ఉంది, దసరాకు వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ తాతయ్య