కమ్మలకు ముందు కొక్కెం

హనుమకొండ

పిల్లలూ,

ఈసారి బతుకమ్మకు డ్రెస్సుకు మ్యాచింగ్ కమ్మలు మేమే చేసుకుంటాం, ఎట్లాగో చెప్పు అమ్మమ్మా అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మీరు పంపిన వీడియోలు చూశాను. జుంకా ఎంత ముద్దుగా చుట్టాలో అందరూ చూపిస్తున్నారు. చెవికి పెట్టుకునే కొక్కెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ప్యాకెట్‌లోంచి తీసి తగిలించండి’ అని దాటేస్తున్నారు. నన్నడిగితే పని మొదలుపెట్టాల్సిందే అక్కడ. కింద వేలాడేది కాగితమైనా, పట్టుదారమైనా, పూసలైనా చెవికి పట్టింపు లేదు. గంటల తరబడి తమ్మెలో ఉండేది ఆ సన్నటి తీగ ఒక్కటే.

చౌక కొక్కేల లోహంలోనో, పైపూతలోనో చాలాసార్లు నికెల్ ఉంటుంది. పడనివాళ్లకు తమ్మె దురదపెడుతుంది, ఎర్రబడుతుంది, రసి కారుతుంది. ఆ అలర్జీ ఒకసారి వచ్చిందంటే మామూలుగా పోదు. రాగి తీగ వంచడానికి సుఖమే గాని చెమట తగిలితే ఆకుపచ్చ మరక పడుతుంది. అల్యూమినియం మరీ మెత్తన, వంపు నిలవదు. అందుకే కొక్కేలకు వెండి తీగ తీసుకోండి. 925 వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది గట్టిదనం కోసం కలిపే వేరే లోహం, ఎక్కువగా రాగి. అవుసలి దగ్గర కమ్మచ్చు అని ఒక ఉక్కు పలక ఉంటుంది. దానికి వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలు ఉంటాయి. తీగను ఒక్కో బెజ్జంలోంచి లాగుతూ సన్నం చేస్తారు. మనకు కావలసింది 20 గేజ్, అంటే 0.8 మిల్లీమీటర్లు.

రెండు ముక్కలు ఒక్కొక్కటి ఐదు సెంటీమీటర్ల చొప్పున కత్తిరించండి. గుండ్రటి ముక్కు ప్లయర్‌తో ఒక్కోదాని చివర చిన్న చుట్టు తిప్పండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే మార్కర్ పెన్ను మీద ఒకేసారి వంచండి. విడివిడిగా వంచితే జత కుదరదు, ఒక కమ్మ పైకి, ఒక కమ్మ కిందికి వేలాడుతుంది. వెనకాల కొసను కొంచెం బయటికి వంచితే జారిపోదు. ఇక ముఖ్యమైన పని: కత్తిరించిన కొసను సన్న గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయండి. వేలి కొస మీద గీసి చూడండి. గీరుకుంటే ఇంకా రుద్దాలి. కంటికి నున్నగా కనిపించినా నమ్మొద్దు.

కొక్కేన్ని, జుంకాను కలిపే చిన్న రింగును చాలామంది పక్కలకు లాగి వెడల్పు చేస్తారు. అట్లా చేస్తే మళ్లీ గుండ్రం కాదు, సందు మిగిలి జుంకా ఎక్కడో రాలిపోతుంది. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసను ముందుకి, ఇంకోదాన్ని వెనక్కి తిప్పండి. మూసేటప్పుడూ అంతే.

ఇప్పుడు మీకు ఇష్టమైన జుంకా. మూడు మిల్లీమీటర్ల క్విల్లింగ్ కాగితం పట్టీలు, అంటే చుట్టి బొమ్మలు చేసే సన్నటి కాగితం పట్టీలు, కొసకు కొస అంటిస్తూ, సూది చుట్టూ బిగించి బిళ్లలా చుట్టండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు వచ్చాక చివర అంటించి సూది తీసేయండి. బొటనవేలితో మధ్యలో మెల్లగా నొక్కుతూ పోతే బిళ్ల గంటలా దిగుతుంది. తొందరపడితే మధ్య చుట్లు ఊడి బయటికొస్తాయి. ఆకారం వచ్చాక లోపలివైపు ఫెవికాల్ రాసి రాత్రంతా ఆరనివ్వండి. మధ్య బెజ్జంలోంచి పూస గుచ్చిన పిన్ను కిందినుంచి పైకి తీసి చుట్టు తిప్పండి. పైన రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే చెమటకు కొంత ఆగుతుంది. వానకు మాత్రం ఆగదు, ఆశ పెట్టుకోకండి.

మన కరీంనగర్ వెండి తీగపని చూడండి. అక్కడా ఇదే చుట్టు. రెండు సన్నటి తీగలు పురిపెట్టి, సాగగొట్టి, చుట్లుగా వంచి, చట్రంలో ఒదిగించి, వేడితో అతుకుతారు. అవన్నీ చేసేది ఎక్కువగా మగవాళ్లే. కాబట్టి చిన్నోడా, ఇది అక్కల పని అని తప్పించుకోకు.

బరువు సంగతి మర్చిపోవద్దు. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల, అదే ఆ రాతి ఆడబొమ్మల, చెవులకు ఎంత పెద్ద నగలున్నాయో చూశారు కదా. వాళ్లది రాయి చెవి, మీది కాదు. పెద్ద బుట్టలు పెట్టుకున్నప్పుడు మాటీలు తగిలించేది అందానికే కాదు, బరువును జుట్టు కూడా మోయాలని. కాగితం జుంకాలకు ఆ బాధ లేదు. అందుకే మీకు ముందు అవే చెబుతున్నాను.

మట్టి కమ్మలు వచ్చే వేసవికి పెట్టుకుందాం. తడి లోపల ఉండగానే కాలిస్తే ఆవిరి పట్టి పగులుతాయి. నీడలో రోజుల తరబడి ఆరాలి. అంత ఓపిక మీకు బడి రోజుల్లో ఎక్కడిది?

చిట్టికి చెవులు కుట్టించి నెల కూడా కాలేదు. దానికి ఇప్పుడే వేలాడేవి పెట్టొద్దు. మా రోజుల్లో కుట్టిన చెవులకు వేప పుల్ల పెట్టేవారు, అదీ వద్దు. కుట్టినప్పుడు పెట్టిన పోగులే పుండు పూర్తిగా మానేదాకా ఉండనివ్వండి. కావాలంటే రంగులు అది ఎంచుతుంది, చుట్టేది మీరు.

వెండి తీగ తీయించి మీ అమ్మతో పంపిస్తాను. ప్లయర్లు రెండూ అక్కడే కొనుక్కోండి. కరెంటు పనికి వాడేది తేవద్దు, దాని పళ్ల గాట్లు తీగ మీద పడతాయి. డ్రెస్సుల రంగులేంటో ఫొటో పెట్టండి, పూసలు ఇక్కడ చౌరస్తాలో చూస్తాను.

మీ అమ్మమ్మ