క్రాస్ కంపైల్ ఎర్రర్లు: లైబ్రరీ లేదని కాదు, లాప్‌టాప్‌ది పనికిరాదని

మధురవాడలో మా ఆఫీసుకి ప్రాజెక్టుల కోసం వచ్చే ఇంజనీరింగ్ పిల్లల నోట, కొత్తగా చేరిన జూనియర్ల నోట ఒకే మాట: "సార్, లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాను. అయినా లేదంటోంది." లాప్‌టాప్‌లో ఇంటెల్ ప్రాసెసర్, ప్రోగ్రామ్ చివరికి నడవాల్సిన చిన్న బోర్డు మీద ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్. ఒకదాని మీద కూర్చుని రెండోదానికి ప్రోగ్రామ్ కట్టడమే క్రాస్ కంపైల్; లైబ్రరీ అంటే అందులో వాడుకునే రెడీమేడ్ కోడు. ఈ ఒక్క చోటే జనానికి వారాలు పోతున్నాయి. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: "కెనాట్ ఫైండ్ -ఎల్‌జెడ్" అని వస్తే జీలిబ్ అనే లైబ్రరీ లేనట్టు. ప్యాకేజీలు దించే ఆప్ట్ కమాండ్‌తో వేసుకుంటే పోతుంది.

వాస్తవం: పోదు. మామూలుగా ఆప్ట్ ఇన్‌స్టాల్ అంటే మీ లాప్‌టాప్ ప్రాసెసర్‌కి సరిపడేదే దిగుతుంది, ఎన్నిసార్లు కొట్టినా అదే. చాలాసార్లు ఆ ఎర్రర్‌కి పైనే "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అని ఇంకో లైను ఉంటుంది. ఫైలు దొరికింది, తెరిచి చూశాను, అది వేరే ప్రాసెసర్‌ది కాబట్టి వదిలేశాను అని లింకర్ (కోడునీ లైబ్రరీలనీ కలిపే ప్రోగ్రామ్) అక్కడే చెప్పేసింది. ఆ లైను చదవకుండా కిందికి వెళ్లిపోతున్నారు.

ఇంతకన్నా ప్రమాదం తర్వాత వేసే అడుగు. ఎవరో చెప్పారని యూఎస్ఆర్ ఇంక్లూడ్ ఫోల్డర్ని చేత్తో బిల్డ్ ఆదేశాలుండే మేక్‌ఫైల్లో కలిపేస్తారు. లాప్‌టాప్ హెడర్లు (లైబ్రరీలో ఏముందో కంపైలర్‌కి చెప్పే ఫైళ్లు), ఆర్మ్ కంపైలర్ కలిసిపోతాయి. 64 బిట్ లినక్స్ లాప్‌టాప్‌లో సీ భాషలోని లాంగ్ అనే అంకెల రకం 8 బైట్లు, 32 బిట్ ఆర్మ్‌లో 4. ఒక్కోసారి బిల్డ్ గట్టెక్కుతుంది, బోర్డు మీద కూలుతుంది. అప్పుడు వెతకడం నరకం.

గాజువాక నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, మర్నాడు ప్రాజెక్టు రివ్యూ. "లాంగ్ బిట్ డెఫినిషన్ అపియర్స్ రాంగ్ ఫర్ ప్లాట్‌ఫామ్" అని ఎర్రర్, పక్కనే బ్రాకెట్లో జీసీసీ (కంపైలర్), జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) సెట్టింగ్ బాగోలేదేమో అన్న అనుమానం. అది చూసి టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ల సెట్టు) మళ్లీ వేశాడు, ఆ తర్వాత ఉబుంటునే తుడిచి మళ్లీ వేశాడు. హాస్టల్ గ్రూపులో ఎవరో బోర్డే మార్చమన్నారట. ఆ మాట విని అతను అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డాడు. చూస్తే టూల్‌చెయిన్ నిక్షేపంగా ఉంది. లాప్‌టాప్‌లో సోర్సు నుంచి కట్టుకున్న పైథాన్ హెడర్లు దారిలోకి వచ్చాయి. వాటిలో లాంగ్ సైజు 8 అని ముందే రాసి ఉంది. ఆ ఒక్క పాత్ తీసి, బోర్డు హెడర్లు చూపించాం. కంపైల్ అయింది. ఆ పిల్లాడి మొహం చూశాక ఇలాంటి సలహాలు పంచేవాళ్ల మీద నాకు ఓపిక పోయింది.

చేయాల్సింది ఇది. డెబియన్ లినక్స్‌లో ఆప్ట్ కింద పనిచేసే డీప్యాకేజీకి కొత్త ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) చేర్చి, ప్యాకేజీ పేరు చివర కోలన్ పెట్టి ఆర్మ్64 (64 బిట్) అనో ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్) అనో అడగండి. ఉబుంటులో ఆర్మ్ ప్యాకేజీలు చాలావరకు పోర్ట్స్ అనే వేరే సర్వర్లో ఉంటాయి. సోర్సుల జాబితా సరిచేయకపోతే అప్‌డేట్‌లో 404లు (ఫైలు దొరకలేదన్న ఎర్రర్లు) వస్తాయి, కంగారు పడకండి. లేదంటే బోర్డు నుంచి లైబ్రరీ, హెడర్ ఫోల్డర్లు కాపీ చేసి సిస్‌రూట్‌గా (కంపైలర్ వెతకాల్సిన మూల ఫోల్డర్‌గా) చూపించండి. కాపీలో సింబాలిక్ లింకులు (వేరే ఫైలు దారి చూపేవి) స్లాష్‌తో మొదలైతే అవి మీ లాప్‌టాప్ ఫైళ్లనే చూపిస్తాయి, వాటిని మార్చాలి. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ప్యాకేజీ కాన్ఫిగ్ కూడా సిస్‌రూట్ లోపలే వెతికేలా దాని లిబ్‌డిర్, సిస్‌రూట్ వేరియబుల్స్ పెట్టండి. ఏ ఫైలు మీదైనా అనుమానం వస్తే "ఫైల్" కమాండ్ కొట్టండి. ఏ ప్రాసెసర్‌దో ఒక్క లైన్లో చెబుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టులో బోర్డు పేరు ఇవ్వాల్సింది హోస్ట్ ఆప్షన్‌కి. టార్గెట్ అనేది కంపైలర్లనే కట్టేవాళ్లకి.

సీమేక్ అనే బిల్డ్ టూల్‌లో టూల్‌చెయిన్ ఫైలు మార్చారా? బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. మేక్ అయితే పాతవన్నీ తుడిచే డిస్ట్‌క్లీన్ కొట్టండి. పాత ఎక్స్86 (ఇంటెల్ రకం) ఆబ్జెక్టు ఫైళ్లు మిగిలితే "రాంగ్ ఫార్మాట్" అని ఏడిపిస్తాయి.

"ఎంఎస్ఎస్ఈ2 గుర్తించలేదు" అంటే ఆర్మ్ కంపైలర్ చెడిపోలేదు. అది ఇంటెల్‌కి మాత్రమే ఇచ్చే కంపైలర్ ఫ్లాగ్, తీసేయండి. కోడులో ఇంటెల్ ఇంట్రిన్సిక్స్ (ఆ ప్రాసెసర్ ఆదేశాలని నేరుగా వాడే ఫంక్షన్లు) ఉంటే ఎస్ఎస్ఈ2నియాన్ హెడర్ చాలావరకు ఆదుకుంటుంది.

ఎర్రర్లు లేవంటే అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు. ఎక్స్86 మీద క్యార్ అనే అక్షరాల రకానికి సైన్ ఉంటుంది (మైనస్ విలువ పడుతుంది), ఆర్మ్ లినక్స్ మీద ఉండదు. అక్షరం చదివే గెట్‌క్యార్ ఇచ్చినదాన్ని క్యార్‌లో దాచి, ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే మైనస్ విలువ ఈఓఎఫ్‌తో పోలిస్తే అక్కడ లూప్ ఆగదు. ఇంట్‌లో దాచండి.

ఇంకా తేలకపోతే అడగండి, సంకోచం వద్దు. కంపైల్ ఎర్రర్‌తో బోర్డు కాలిపోదు. కానీ చివరి స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. సమాంతరంగా కాకుండా ఒక్క జాబ్‌తో, కమాండ్లు పూర్తిగా కనిపించేలా మేక్‌ని నడిపి, మొదటి ఎర్రర్‌నీ దానికి ముందు నడిచిన కమాండ్‌నీ టెక్స్టుగా పంపండి.